కెనరీ తిన్న కారం

1870ల మొదట్లో ఇంగ్లండులో పంజరపు పక్షుల పోటీలకు తీర్పు చెప్పడానికి వెళ్ళినవాళ్ళకు ఒక కొత్త తలనొప్పి వచ్చిపడింది. పసుపుపచ్చ కెనరీల పంజరాలు బారులు తీరిన బల్లల మీద ఉన్నట్టుండి నారింజరంగు పిట్టలు ప్రత్యక్షమయ్యాయి. కాస్త ముదురు పసుపు అయితే సరే, మేలుజాతి అని సరిపెట్టుకోవచ్చు. ఇది అలాంటిది కాదు, నిప్పుసెగ తగిలినట్టు మండే రంగు. డెర్బీ వైపు నుంచి వచ్చిన పిట్టలవి. బహుమతులు వాటికే పోతున్నాయి. ఓడినవాళ్ళు ఊరుకుంటారా? రంగు పులిమారన్నారు. పిట్టల్ని పట్టి కడిగి చూశారు. ఈకల్ని రసాయన పరీక్షకు పంపారు. రంగు ఊడలేదు. పైన పూసిందైతే గదా ఊడటానికి!

1873లో డెర్బీవాసి ఎడ్వర్డ్ బెమ్రోజ్ గుట్టు విప్పాడు. అది వంటింటి గుట్టు. కెనరీలు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే వారాల్లో, వాటికి పెట్టే గుడ్డు ముద్దలో ఎర్రటి కయెన్ మిరపపొడి కలపడం, అంతే. పిట్ట తిన్న కారం నెత్తుట్లోకి చేరి, అక్కడి నుంచి మొలిచే ఈకలోకి ఎక్కి, నారింజరంగై బయటపడింది.

గుంటూరు మనిషికి ఈ కథ చెబితే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఇరవై గ్రాముల పిట్ట ఆ మంటకెలా తట్టుకుంది? తట్టుకోవడమన్న ప్రశ్నే లేదు, పిట్టకు కారం తెలియదు. మిరపలోని మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. మన నాలుక మీద, పేగుల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది. క్యాప్సైసిన్ దాన్ని తట్టి, ఏ నిప్పూ లేకుండానే కాలినట్టు భ్రమ పుట్టిస్తుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పక్షుల్లోనూ అది ఉంది కానీ క్యాప్సైసిన్‌కు పలకదు. అది కూడా జూలియస్ ప్రయోగశాలే 2002లో తేల్చింది. మిరపచేలో చిలకల్ని తోలే రైతుకు ఈ సంగతి చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మిరపమొక్క లెక్క కూడా సబబుగానే ఉంది: గింజను నమిలి పిండిచేసే ఎలుకల్లాంటి వాటికి మంట, గింజను మింగి దూరంగా పారేసే పిట్టకు ఉచిత భోజనం.

ఇక్కడ ఒక ముడి విప్పాలి. మిరపలో మంట వేరు, ఎరుపు వేరు. ఎరుపునిచ్చేది క్యాప్సాంథిన్ అనే రంగు పదార్థం. క్యారెట్‌లో, టమాటాలో, గుడ్డు సొనలో ఉండే కెరోటినాయిడ్ల కుటుంబానికి చెందింది. బెమ్రోజ్ గుట్టు తెలిశాక కొన్నేళ్ళపాటు ఇంగ్లండు పెంపకందార్లు ఎంత ఘాటైన మిరప దొరికితే అంత మంచిదనుకుని దంచి పోశారు. పొడి కలిపేటప్పుడు తుమ్ములు, కళ్ళ మంటలు వాళ్ళవంతు. తర్వాత్తర్వాత మంట లేని ఎర్రమిరప పొడి కూడా అదే పని చేస్తుందని తేలింది. ‘రుచిలేని మిరియం’ అనే అర్థం వచ్చే పేరుతో ఆ పొడిని పిట్టల మేత అమ్మే కొట్లలో అమ్మారు. మిరపపొడిని రుచిలేదని పొగుడుతూ అమ్మిన వ్యాపారం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో!

ఈ గొడవంతా ఈకలు రాలే కాలం చుట్టూ ఎందుకు తిరిగిందో తెలుసుకునే ముందు కెనరీ ఇంగ్లండు దాకా వచ్చిన దారి కొంచెం చూడాలి.

కెనరీ అసలు రంగు పసుపే కాదు. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా ఉన్న కెనరీ దీవుల్లో, మదీరా, అజోర్స్ దీవుల్లో ఎగిరే అడవి పిట్ట పచ్చ, బూడిద, గోధుమ రంగులు కలిసిన చారల పిట్ట. ఫించ్ కుటుంబానికి చెందింది. దీవులకు ఆ పేరు రావడానికి పిట్టలు కారణం కాదు, కుక్కలు. లాటిన్‌లో కుక్కను కానిస్ అంటారు. అలా కుక్కల పేరున్న దీవి పేరు పిట్టకు అంటుకుంది. 15వ శతాబ్దంలో స్పెయిన్ ఆ దీవుల్ని ఆక్రమించాక పిట్టలు ఓడలెక్కాయి. 1622లో రోమ్‌లో అచ్చయిన ఒలీనా పక్షుల పుస్తకం నాటికే కెనరీ ఇటలీలో పరిచయమైన పిట్ట. ఆల్ప్స్ కొండల్లోని ఇమ్‌స్ట్ ఊరివాళ్ళు పంజరాల్ని వీపున మోసుకుంటూ యూరప్ అంతా తిరిగి అమ్మారు. జర్మనీలో హార్జ్ కొండల వెండిగనుల ఊరు సాంక్ట్ ఆంద్రేయాస్‌బెర్గ్‌లో గనికూలీలు ఇళ్ళలో కెనరీలు పెంచి, పాట నేర్పి, అమెరికా దాకా ఎగుమతి చేశారు. ఆ ఊళ్ళో పిట్ట రంగేమిటని అడిగినవాడు లేడు. పాట ఎలా ఉందన్నదే లెక్క.

ఇంగ్లండులో వ్యవహారం తలకిందులు. జర్మన్లు చెవితో పెంచితే ఇంగ్లీషువాళ్ళు కంటితో పెంచారు. ఆకారం, నిలబడే తీరు, తలమీద జుట్టు, అన్నిటికన్నా ముఖ్యంగా రంగు. ఈ పిచ్చికి రాజధాని నార్విచ్. 1565లో ఆ ఊరి పెద్దలు చితికిపోయిన నేతపనిని నిలబెట్టడానికి ఫ్లాండర్స్ నుంచి ముప్ఫై నేతగాళ్ళ కుటుంబాల్ని పిలిపించారు. సొంత దేశంలో మతహింస పడలేక పారిపోయి వచ్చేవాళ్ళు వెనకాలే వేలల్లో వచ్చారు. ఊరు వాళ్ళను ‘పరాయివాళ్ళు’ అనే పిలిచింది. మగ్గాలతోపాటు కెనరీల్నీ వాళ్ళే తెచ్చారని నార్విచ్ నమ్మకం. నిజమో కాదో గానీ, మగ్గం దగ్గర రోజంతా కూర్చునే మనిషికి కిటికీలో పాడే పిట్ట తోడుండటం మాత్రం నమ్మదగ్గదే. 19వ శతాబ్దానికి నార్విచ్ కెనరీ అంటే బొద్దుగా, పట్టులాంటి ఈకలతో, ముదురు పసుపు రంగులో ఉండే పిట్ట. ఆ రంగు తమ ఊరి సొత్తనీ, తరాల ఎంపికతో సాధించిందనీ ఆ ఊరివాళ్ళ గర్వం. అలాంటి గర్వం మీద డెర్బీవాడు గుప్పెడు కారం చల్లాడు. వాళ్ళ కోపం అర్థం చేసుకోవచ్చు.

ఇక ఈకల సంగతి. పుట్టిపెరిగిన ఈక చచ్చిన వస్తువు. మన జుట్టు, గోరు లాగే. దానిలోకి మళ్ళీ నెత్తురూ పోదు, రంగూ పోదు. అరిగితే బాగుచేసుకోవడం లేదు, కొత్తది మొలిపించుకోవాల్సిందే. అందుకని పిట్ట ఏడాదికోసారి పాతది రాల్చి కొత్తది తెచ్చుకుంటుంది. పాము కుబుసం విడిచినంత తేలిక కాదిది. పాము ఒక్కసారిగా బయటపడుతుంది. పిట్ట ఒక్కసారిగా రాలిస్తే ఎగరలేదు, చలికి తట్టుకోలేదు. అందుకే రెక్కల ఈకలు అటొకటి ఇటొకటి జతగా, వరసగా రాలతాయి. కెనరీకి ఈ పని పిల్లల పెంపకం ముగిశాక, పొద్దు తగ్గడం మొదలయ్యాక, యూరప్‌లో జులై నుంచి మొదలై ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఆ వారాల్లో పిట్ట మీద పడే ఖర్చు సామాన్యమైంది కాదు. ఈకంటే దాదాపు మొత్తం కెరటిన్ అనే మాంసకృత్తే. చాలా పిట్టల్లో ఎముకల గూడు బరువు కన్నా ఈకల బరువే ఎక్కువ. అంటే ఒంటి మీది పెద్ద ఆస్తిని రెండు నెలల్లో గింజలు తిని మళ్ళీ కూడబెట్టుకోవాలి. కెరటిన్‌కు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా సిస్టీన్, ఎక్కువ కావాలి. గింజల్లో అవి తక్కువ. పిట్ట ముడుచుకు కూర్చుంటుంది, పాట మానేస్తుంది. పాట మానేయడం ఒట్టి నీరసం కాదు. న్యూయార్కులో ఫెర్నాండో నాటెబోమ్ 1981లో చూపించిందేమిటంటే, కెనరీ మెదడులో పాటను నడిపే భాగమే వసంతంలో పెరిగి, పిల్లల కాలం అయ్యాక కుంచించుకుపోతుంది. మళ్ళీ వసంతానికి కొత్త నాడీకణాలు పుట్టుకొస్తాయి. పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవని అప్పటిదాకా వైద్యశాస్త్రం చెబుతున్న మాటను కూలదోసినవాటిలో ఈ పంజరపు పిట్ట ఒకటి.

ఇవేవీ తెలియని కాలంలో పెంపకందార్లు ఈకలు రాలడాన్ని జబ్బుగానే చూశారు. నీళ్ళ గిన్నెలో తుప్పుపట్టిన మేకు వేశారు, కుంకుమపువ్వు వేశారు. ఉడికించిన గుడ్డు చిదిమి బిస్కెట్టు పొడితో కలిపి పెట్టారు. వీటిలో గుడ్డు ఒక్కటే నిజంగా పనిచేసిన మందు. కావలసిన మాంసకృత్తు, గంధకం, కొవ్వు అన్నీ దానిలోనే ఉన్నాయి. శాస్త్రం రాకముందే వంటిల్లు సరైన చోటికి చేరుకున్న సందర్భాల్లో ఇదొకటి. పోటీ పిట్టలు పెంచేవాళ్ళు మరో అడుగు ముందుకేసి, పంజరం చుట్టూ గుడ్డ కప్పి, మసక వెలుతురులో, వెచ్చటి గదిలో, చప్పుడు లేకుండా ఆ వారాలు గడిపించేవారు. బాలింతను చూసుకున్నట్టు చూసుకునేవారంటే అతిశయోక్తి కాదు. ఎండకు కొత్త ఈక వెలవకూడదు, పొగమసి అంటకూడదు, పక్క పిట్ట పొడవకూడదు. రంగు కోసం కుంకుమపువ్వు, మేరిగోల్డ్ పూరేకులు, ఎవరి రహస్యం వాళ్ళది. కారం వచ్చాక అవన్నీ మూలకు పోయాయి.

కారం వాడటానికీ ఒక పద్ధతుంది. ఈకలు రాలడం కనిపించాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మొదటి మొలక చర్మంలో రూపు దిద్దుకునే వేళకే నెత్తుట్లో రంగు ఉండాలి. లేకపోతే ఒకచోట నారింజ, ఒకచోట పసుపుగా అతుకులబొంతలా తయారవుతుంది. మధ్యలో మానేసినా అంతే. ఇంకో చిక్కు పిల్లపిట్టలది. మొదటి ఏడాది కెనరీ ఒంటి ఈకల్ని మారుస్తుంది గానీ గూట్లో మొలిచిన పెద్ద రెక్కీకల్ని, తోకీకల్ని మార్చదు. కారం తిన్నా అవి పాత లేత రంగులోనే మిగిలిపోతాయి; ఒళ్ళు ఎరుపు, రెక్కలు వెలవెల. దీనికి కొందరు కనిపెట్టిన విరుగుడు ఆ ఈకల్ని పీకెయ్యడం. పీకిన చోట మళ్ళీ మొలిచేది రంగుతో మొలుస్తుంది కదా అని. పోటీ అనే మాట మనిషి చేత ఏమి చేయించగలదో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

కారం మోసమా, పెంపకమా అన్న తగాదా మాత్రం బెమ్రోజ్ గుట్టు విప్పినంత మాత్రాన తీరలేదు. రంగు పులమడం మోసమని అందరూ ఒప్పుకుంటారు. మంచి మేత పెట్టడం మోసమని ఎవరూ అనరు. మరి రంగు కోసమే మేత పెడితే? ఇంగ్లండు పోటీలు దీనికి తీర్పు చెప్పకుండా తప్పించుకున్నాయనే చెప్పాలి. జాతిని బట్టి ఆచారం ఏర్పడింది. నార్విచ్, యార్క్‌షైర్, లిజార్డ్ కెనరీలకు రంగుమేత ఇప్పటికీ మామూలే. బోర్డర్, ఫైఫ్, గ్లాస్టర్ కెనరీలకు పెట్టరు. ఎక్కువ గట్టిగా అరిచిన నార్విచ్చే చివరికి కారం అలవాటు చేసుకున్న జాతుల వరసలో మొదట నిలబడటం ఈ తగాదాలోని తమాషా. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును మాత్రం నేటికీ ‘కెనరీలు’ అంటారు, వాళ్ళ చొక్కా రంగు పసుపు.

మేతకూ రంగుకూ సంబంధం ఉందన్న మాట మిరపతోనే పుట్టింది కాదు. సెల్బోర్న్ ఊరి మతగురువు గిల్బర్ట్ వైట్ 1789లో అచ్చువేసిన పుస్తకంలో ఒక బుల్‌ఫించ్ గురించి రాశాడు. పట్టి తెచ్చినప్పుడు నిండు రంగుల్లో ఉన్న మగపిట్ట పంజరంలో ఏడాదికేడాది మసకబారి నాలుగేళ్ళకు బొగ్గులా నల్లబడింది. అది ఎక్కువగా తిన్నది గంజాయి గింజలు. 1868లో డార్విన్ పెంపుడు జంతువుల మీద రాసిన గ్రంథంలో ఇలాంటి ఉదాహరణలు కొన్ని పోగుచేశాడు. వాటిలో ఒకటి ఆల్ఫ్రెడ్ రసెల్ వాలేస్ చెప్పింది: అమెజాన్ ప్రాంతపు ఆదివాసులు పచ్చచిలకలకు ఒక రకం పెద్ద చేప కొవ్వు పెట్టి, వాటి ఈకల్లో ఎరుపు, పసుపు రంగులు తెప్పిస్తారట. డెర్బీ కుతంత్రం అనుకున్నది అడవుల్లో పాత విద్యే అన్నమాట.

కొవ్వు అన్న మాటను పట్టుకోవాలి. 1889లో జావర్‌మన్ అనే జర్మన్ పరిశోధకుడు మిరప మేతను కెనరీల మీద, కోళ్ళ మీద పద్ధతిగా ప్రయోగించి చూశాడు. కొవ్వు తోడు లేకపోతే ఎరుపు ఈకకు చేరదని తేల్చాడు. ఇది తెలుగిళ్ళలో రోజూ కళ్ళకు కనిపించే రసాయనశాస్త్రమే. కొత్త ఆవకాయ జాడీలో నాలుగో రోజుకి పైకి తేలిన నూనె రక్తంలా ఎర్రగా ఉంటుంది. అదే కారం నీళ్ళలో కలిపితే అడుగున పేరుకుని నీళ్ళు అలాగే ఉంటాయి. మిరప ఎరుపు నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. బెమ్రోజ్ తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, పొడిని గుడ్డుసొనలో కలపడంతోనే సగం పని జరిగిపోయింది. మరి పసుపు కలిపితే పిట్ట పసుపెక్కదా అని అడిగేవాళ్ళుంటారు. పసుపుకొమ్ములోని కుర్కుమిన్ కెరోటినాయిడ్ కాదు. దాని దారి వేరు.

కథ ఇక్కడ జర్మనీకి మళ్ళుతుంది. 1920లలో బ్రెమెన్ నగరంలో హాన్స్ డుంకర్ అనే బడిపంతులు, కార్ల్ రైష్ అనే పిట్టల పెంపకందారుతో జతకట్టాడు. రైష్ అప్పటికే పేరున్నవాడు. అతని కెనరీలు నైటింగేల్ పాట పాడేవి, ఆ పాటలు గ్రామఫోను పలకల మీదికెక్కాయి. డుంకర్‌కు పట్టుకున్నది ఎరుపు. మేతతో ఎర్రబరచడం కాదు, పుట్టుకతోనే ఎర్రగా ఉండే కెనరీ కావాలి. వెనెజులా అడవుల్లో ఎర్రటి ఒళ్ళు, నల్లటి తల ఉన్న ఎర్ర సిస్కిన్ అనే చిన్న ఫించ్ ఉంది. దాన్ని కెనరీతో కలిపి, పుట్టిన సంకర మగపిట్టల్ని మళ్ళీ కెనరీలతో కలిపి, ఎరుపునిచ్చే జన్యువును కెనరీ వంశంలోకి తెచ్చేయాలన్నది పథకం. ఒక జాతి జన్యువును మరో జాతిలోకి తలపెట్టి తరలించిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటని చరిత్రకారులు లెక్కగడతారు.

పిట్టలు పుట్టాయి. రాగిరంగు వచ్చింది, నారింజ వచ్చింది. ఎరుపు రాలేదు. డుంకర్ అన్నిటికీ వంశమే మూలమని నమ్మినవాడు. మనుషుల విషయంలోనూ అదే నమ్మి, జాతిశుద్ధి సిద్ధాంతాన్ని భుజాన వేసుకుని నాజీల పంచన చేరాడు. అతను చూడనిది మేత గిన్నె. జన్యువు ఉన్నంత మాత్రాన రంగు రాదు, ఆ జన్యువు పనిచేయడానికి ముడిసరుకు కావాలి. ఏ పక్షీ కెరోటినాయిడ్లను సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలో రావాల్సిందే. అర్ధశతాబ్దం ముందే డెర్బీలో తెలిసిన సంగతి బ్రెమెన్ పంతులుకు పట్టలేదు. తర్వాతి తరం పెంపకందార్లు డుంకర్ వంశపు పిట్టలకు ఈకలు మారే కాలంలో కెరోటినాయిడ్లు దండిగా ఉన్న మేత పెట్టినప్పుడే అసలు ఎర్ర కెనరీ బయటికొచ్చింది. అంటే సిస్కిన్ రక్తం సగం, వంటిల్లు సగం.

సగం సగం అన్నది ఉజ్జాయింపు మాటే అయినా, 2016లో దానికి గట్టి ఆధారం దొరికింది. ఆ ఏడాది ఒకేసారి రెండు పరిశోధనలు, ఒకటి ఎర్ర కెనరీల మీద, ఇంకొకటి జీబ్రా ఫించ్‌ల మీద, ఒకే జన్యువు దగ్గరికి వచ్చి ఆగాయి. దాని పేరు సివైపి2జె19. తిండిలో వచ్చిన పసుపు కెరోటినాయిడ్లను ఎరుపు కెరోటినాయిడ్లుగా మార్చే ఎంజైమును అది తయారుచేస్తుంది. మామూలు కెనరీ చర్మంలో ఆ పని జరగదు, అందుకే ఎర్రగా కనిపించాలంటే నేరుగా ఎరుపునే తినాలి. సిస్కిన్ నుంచి వచ్చిన ముక్క ఉన్న కెనరీ పసుపును తిని ఎరుపు చేసుకోగలదు. డుంకర్ వెతికిన జన్యువు నిజంగానే ఉంది, అతను తెచ్చానన్న చోటికే వచ్చింది కూడా. అయినా పసుపు ముడిసరుకు లేకపోతే దానికి చేయడానికి పనేమీ ఉండదు.

ఈ మధ్యలో మిరపకు కూడా పోటీ వచ్చింది. కాంథాజాంథిన్ అనే ఎరుపు కెరోటినాయిడ్‌ను కర్మాగారంలో తయారుచేసి, జంతుప్రదర్శనశాలల్లో వెలిసిపోయే ఫ్లెమింగోలకూ, కెనరీలకూ మేతలో కలపడం మొదలుపెట్టారు. చిటికెడు సరిపోతుంది, తుమ్ములుండవు. అదే పదార్థాన్ని మాత్రలు చేసి, ఎండలో పడుకోకుండానే ఒళ్ళు రాగిరంగుకు తిరుగుతుందని మనుషులకూ అమ్మారు. మింగినవాళ్ళలో కొందరి కంటిపొరలో బంగారురంగు స్ఫటికాలు పేరుకున్నట్టు 1980లలో వైద్యులు గమనించాక ఆ వేడి చల్లారింది. పిట్టకు ఈకలున్నాయి, రంగును అక్కడికి పంపేసి ఏడాదికోసారి రాల్చేస్తుంది. మనిషికి ఆ సదుపాయం లేదు.

ఎర్ర సిస్కిన్‌కు మాత్రం ఈ వ్యాపారం శాపమైంది. కెనరీని ఎర్రబరిచే మోజులో పంజరాల కోసం దశాబ్దాలపాటు పట్టగా పట్టగా వెనెజులాలో అది కనిపించడమే గగనమైపోయింది. 2000లో గయానాలో ఒక గుంపు బయటపడటంతో కొంత ఊపిరి వచ్చింది. ఇప్పటికీ అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోనే ఉంది.

తెలుగునేలకు ఈ కథతో బంధుత్వం రెండు మూడు వైపుల నుంచి ఉంది. అమెరికా పెరళ్ళలో గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్ట కోసం వేలాడదీసే మేతగొట్టాల్లో నల్లగా, సూదుల్లా ఉండే గింజలు పోస్తారు. అవి మన వలిసెలు. అరకు లోయలో వానాకాలం వెళ్ళాక కొండవాలంతా పసుపు పరిచినట్టు పూసే వలిసె చేను ఫొటోలు తీయించుకోవడానికే అనుకునే యాత్రికులు చాలామంది. వలిసెల ఎగుమతిలో ఇథియోపియాతోపాటు మనదేశం ముందువరసలో ఉంది. కలుపు గింజలు మొలకెత్తకుండా వేడిచేసి శుద్ధి చేశాకే అమెరికా వాటిని రానిస్తుంది. నూనె దండిగా ఉన్న గింజ కనుక కెనరీ మేతలోనూ దానికి పాత చోటుంది.

మిరప సంగతైతే చెప్పనే అక్కర్లేదు. వరంగల్ వైపు పండే చపాటా మిరపకు కారం తక్కువ, రంగు ఎక్కువ. చూడటానికి టమాటాలా ఉంటుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇలాంటి మిరప నుంచి తీసే ఎర్రటి చిక్కటి సారం వంటల్లోకీ, సౌందర్య సామగ్రిలోకీ పోతుంది. మిరప సారం, బంతిపూల సారం కోళ్ళ మేతలో కలిపి గుడ్డుసొనకు ముదురు రంగు తెప్పించడం ఇవాళ ప్రపంచమంతా మామూలు వ్యాపారం. పొద్దున్నే పెనం మీద నారింజరంగు సొన చూసి నాటుగుడ్డేమో అని మురిసేవాళ్ళు నార్విచ్ న్యాయనిర్ణేతల బాధ కొంచెం అర్థం చేసుకోవచ్చు.

మనకు సొంత ఎర్ర ఫించ్ కూడా ఉంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ ఇక్కడి పక్షులకు జనం వాడే పేర్లు అడిగి రాసుకున్నాడు. పాత పక్షిశాస్త్ర పుస్తకాలు మునియా పిట్టలకు ఇచ్చే తెలుగు పేరు జీనువాయి. వాటిలో ఎర్ర జీనువాయి శాస్త్రనామం అమందవ. అహ్మదాబాద్ అన్న మాటే నోళ్ళు తిరిగి తిరిగి అలా తయారైంది; 17వ శతాబ్దంలోనే ఆ ఊరి నుంచి ఈ పిట్టలు ఐరోపా పంజరాలకు ఎగుమతయ్యాయి. ఈకల మార్పులో ఈ పిట్టది ప్రత్యేకమైన తీరు. పిల్లల్ని కనే కాలం రాగానే మగది తెల్లచుక్కల ఎర్ర చొక్కా తొడుక్కుంటుంది, ఆ కాలం పోగానే విప్పేసి గోధుమరంగులో ఆడపిట్టలా తిరుగుతుంది. దాని దగ్గరి చుట్టాల్లో ఇంకే ఫించ్‌కూ ఈ అలవాటు లేనట్టే. పంజరంలో పెట్టి ఒట్టి గింజలు వేస్తే ఏటేటా ఎరుపు తగ్గి నల్లబారుతుందని పెంపకందార్లకు తెలుసు. గిల్బర్ట్ వైట్ బుల్‌ఫించ్ గుర్తొస్తుంది.

1972 వన్యప్రాణి చట్టం కింద, ఆ తర్వాత 1990ల మొదట్లో బిగిసిన నిషేధం కింద మనదేశపు అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. అందుకే ఇవాళ తెలుగు ఇళ్ళలో బాల్కనీ పంజరాల్లో కనిపించేవి ఆస్ట్రేలియా మూలాలున్న జీబ్రా ఫించ్‌లు, జపాన్‌లో తరతరాలుగా మచ్చికైన బెంగాలీస్ ఫించ్‌లు, అక్కడక్కడా కెనరీలు. వాటికి ఈకలు రాలే వేళ ఏం పెట్టాలని అడిగితే జవాబు రెండు శతాబ్దాల నాటిదే: కొర్రలు, సజ్జలతోపాటు ఉడికించిన గుడ్డు, ఆకుకూర, సున్నం కోసం ఆయుర్వేదం కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్క, స్నానానికి నీళ్ళు. కారప్పొడి అక్కర్లేదు. జీబ్రా ఫించ్ ముక్కు ఎరుపును అది కొర్రల్లోని పసుపుతో సొంతంగా తయారుచేసుకుంటుంది. ఆ ఎంజైము దానికి పుట్టుకతోనే ఉంది.

సంతలో ఎవరైనా చుక్కల ఎర్రపిట్టను చేతిలో పెట్టి బేరమాడితే కొనకండి. వానలు పట్టాక చెరువు గట్టున రెల్లు దుబ్బుల పక్కన పొద్దున్నే కాసేపు నిలబడితే చాలు, మగ జీనువాయిలు అప్పటికి ఎర్రబడి ఉంటాయి.